అప్‌డేట్: విజయవాడ సింగ్‌నగర్‌లో ఒంటరిగా ఉంటున్న అమ్మ గురించి

నాన్న పోయాక అమ్మ గడప దాటట్లేదు, హైదరాబాద్ రమ్మంటే రానంటోంది, ఏం చేయమంటారని అడిగాను కదా. ముందు ఇరుగుపొరుగుకు చెప్పి చూడమన్నారు మీలో చాలామంది.

పక్కింటి పిన్నిగారికి ఫోన్ చేస్తే కోప్పడ్డారు. "నువ్వు చెప్పాలా? 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇళ్లలోకొచ్చినప్పుడు అందరం మా మేడ మీదే కదా ఉన్నాం!" మర్నాడే గోంగూర కట్టలు తెచ్చి అమ్మ ముందు పెట్టారట. ఇప్పుడు రోజూ ఇద్దరూ ఏదో ఒక ఆకు వలుస్తూ, పచ్చట్లో కారం పాళ్ల గురించి గొడవ. ఆ గొడవే మందులా పనిచేస్తోంది.

రాత్రిళ్లు ఏడుపు పూర్తిగా ఆగలేదు, డాక్టర్‌కి చూపిస్తున్నాం. కానీ నిన్న ఫోన్ చేస్తే "పనిలో ఉన్నా, తర్వాత చెయ్యరా" అని పెట్టేసింది! సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. దసరాకి వెళ్తున్నా. వీధంతా కలిసి ఇంద్రకీలాద్రి ఎక్కాలని అమ్మే ప్లాన్ వేసిందట.