అనుకున్న ఫలితమే వచ్చినా ప్రయోగం మళ్ళీ చేయమంటున్నారు, ఎందుకు?

ప్రశ్న: నమస్కారమండీ. నేను ఎం.ఏ. సైకాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎదురుగా సెల్‌ఫోన్ ఉంటే జ్ఞాపకశక్తి తగ్గుతుందా అన్నది నా ప్రాజెక్టు. మా హాస్టల్లో నలభై మంది జూనియర్లను రెండు జట్లుగా విడదీసి, ఒక్కొక్కరికీ ఇరవై పదాలు చదివి వినిపించి, ఎన్ని తిరిగి చెప్పగలిగారో నేనే రాసుకున్నాను. ఫోన్ లేని జట్టుకే ఎక్కువ గుర్తున్నాయి. అయినా మా గైడుగారు, "చదివిందీ నువ్వే, మార్కులు వేసిందీ నువ్వే, మళ్ళీ చేయి" అన్నారు. నేను మోసమేమీ చేయలేదు కదా?

జవాబు: మీ నిజాయితీని ఆయన శంకించి ఉండరమ్మా. ఆయన ఎందుకలా అన్నారో ఒక పాత ఉదంతంతో చెబుతాను. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలడిగితే గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. దాని యజమాని వాన్ ఓస్టెన్ మోసగాడు కాడు. 1904లో ఆ గుర్రాన్ని పరిశీలించిన విచారణ సంఘానికీ ఏ మాయా కనిపించలేదు. తరువాత ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు చేసిన పని చాలా చిన్నది: జవాబు తెలియనివారి చేత ప్రశ్న అడిగించాడు. గుర్రం తప్పింది. అడిగేవారు కనిపించకుండా కళ్ళకు గంతలు కట్టినా తప్పింది. జవాబు తెలిసినవారు ప్రశ్న అడిగి గిట్ట వైపు కాస్త వంగేవారు, సరైన అంకె రాగానే తమకు తెలియకుండానే తల రవ్వంత ఎత్తేవారు. గుర్రం అక్కడ ఆపేసేది. ఈ సంగతి కనిపెట్టిన తరువాత కూడా ఫుంగ్స్ట్ తన తలను పూర్తిగా అదుపు చేసుకోలేకపోయాడు! గుర్రమే అంత పసిగడితే, మీ గొంతులోని ఒత్తునూ ముఖంలోని ప్రోత్సాహాన్నీ మీ జూనియర్లు గమనించకుండా ఉంటారా?

అందుచేత పదాలను ఒక్కసారి రికార్డు చేసి అందరికీ అదే వినిపించండి, జవాబులు వాళ్ళ చేతే కాగితం మీద రాయించండి. కాగితంపై పేరుగానీ జట్టుగానీ లేకుండా అంకె మాత్రమే వేసి, ఏ కాగితం ఎవరిదో తెలియని స్నేహితురాలి చేత దిద్దించండి. ఇంతకీ జట్లను ఎలా విడదీశారు?

ప్రశ్న అడిగినవారు: ముందు వచ్చిన ఇరవై మందిని ఫోన్ లేని జట్టులో వేశానండి.

జవాబు: అసలు చిక్కు అక్కడే ఉంది. పిలవగానే వచ్చేవారు సహజంగానే శ్రద్ధాసక్తులు ఎక్కువ ఉన్నవారై ఉండవచ్చు కనుక, మీరు కొలిచింది ఫోన్ ప్రభావమో వాళ్ళ శ్రద్ధో ఇప్పుడు చెప్పలేము. ఈసారి చీటీలు వేసి విడదీయండి. పాతవారికి పదాలు తెలుసు, మీరేం ఆశిస్తున్నారో కూడా తెలిసిపోయి ఉంటుంది, కొత్తవారిని తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు: మరి ఈసారి తేడా రాకపోతే ప్రాజెక్టు పోయినట్టేనా?

జవాబు: పోదు. 2015లో వెలువడిన ఒక పెద్ద ప్రయత్నంలో పేరున్న పరిశోధన పత్రికల్లోని 100 మనస్తత్వశాస్త్ర అధ్యయనాలను మళ్ళీ చేసి చూస్తే, మొదట 97 శాతం అధ్యయనాల్లో గణాంకపరంగా చెప్పుకోదగ్గ (కేవలం కాకతాళీయమని కొట్టిపారేయలేని) ఫలితం ఉండగా, రెండోసారి అది 36 శాతానికే వచ్చింది. తేడా రాలేదని పద్ధతిగా చూపడం కూడా ఫలితమే. అయితే ఎంతమందిని తీసుకుంటారో, ఎవరి కాగితాన్ని ఏ కారణంతో పక్కన పెడతారో, ఏ ఫలితం వస్తే మీ పరికల్పన (ముందుగా వేసుకున్న ఊహ) తప్పని ఒప్పుకుంటారో మొదటి జూనియర్‌ను పిలవకముందే ఒక పేజీలో రాసి, తేదీ వేసి గైడుగారి చేత సంతకం చేయించుకోండి. ఆ పేజీని ప్రాజెక్టు రిపోర్టు చివర అనుబంధంగా జతచేయండి.