డామినేట్ పర్సన్ తగిలిన ఫైటర్ "గొడ్డలి కిందేసి కొడత" అనొచ్చా?

సాగర్_కాలువ (మిర్యాలగూడ)
డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేసి ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్. దేవరకొండ ఖిల్లా నమూనాల కోట, అండ్ల ఒక మాంత్రికుడు. తొమ్మిదో లెవెల్ ఫైటర్ మీద డామినేట్ పర్సన్ (మనిషిని వశం చేసుకునే స్పెల్, అంటే మంత్రం) వేసిండు, సేవ్ (మంత్రాన్ని తట్టుకునేటందుకు వేసే పాచిక) పోయింది. "ఆ క్లెరిక్‌ను కొట్టు" అని హుకుం (క్లెరిక్ అంటే మా జట్టు పూజారి). ప్లేయరేమో "కొట్టుమన్నడు గని గొడ్డలితోటి అనలే కదా, ఉత్త చేత్తోటి కొడత" అంటడు. డీఎం (ఆట నడిపేటోడు) ఒప్పుకుంటలేడు, పైకెళ్లి యాక్షన్ సర్జ్ (ఫైటర్‌కుండే ఇంకో యాక్షన్) కూడా వాడాల్నంటడు. ఎవరిది కరెక్టు? వాణ్ని విడిపిచ్చుడెట్ల? మాంత్రికుని డీసీ (సేవ్‌ల అందుకోవాల్సిన అంకె) 17, ఫైటర్ విజ్డమ్ సేవ్‌కు కలిపేది +1.

పానగల్లు_పాచిక
గొడ్డలి ముచ్చట్ల డీఎందే కరెక్టు. హుకుంను తన చేతనైన కాడికి పాటించాలె, రూల్ అదే. చేతుల గొడ్డలి పెట్టుకొని గుద్దులాడుడు చేతనైన కాడికి కాదు.

సర్జ్ దగ్గర మాత్రం డీఎం రెండు వేరే సంగతులు కలిపిండు. మనసులనే ఇచ్చే మామూలు హుకుంకు మాంత్రికుని యాక్షన్ ఖర్చు కాదు, ఫైటర్ తన తెలివితోటే పని చేస్తడు. పూర్తి పట్టు కావాల్నంటే మాంత్రికుడు తన యాక్షన్ పెట్టాలె. అప్పుడు తన తర్వాతి టర్న్ అయిపోయేదాక ఫైటర్ ఏం చేయాల్నో వాడే చెప్తడు, చెప్పంది ఏదీ చేయనియ్యడు. ఫైటర్‌తోటి రియాక్షన్ (వేరేటోని టర్న్‌ల చేసే పని) చేపియ్యాల్నంటే మాంత్రికుని రియాక్షన్ కూడా పోతది. నేనైతే పూర్తి పట్టుల ఉన్నప్పుడే సర్జ్ వాడనిస్త. ఆ రౌండ్ల మాంత్రికుడు యాక్షన్ పట్టే ఇంకో స్పెల్ వేయలేడు, ఆ లెక్కకు ఈ లెక్క సరి.

ఒక్కటి అడుగుత: మొదటి సేవ్ అడ్వాంటేజ్‌తోటి (రెండు పాచికలేసి పెద్దది తీసుకునుడు) వేయించిండా? కొట్లాట నడుస్తున్నప్పుడు అది హక్కు. ఇరవై ముఖాల పాచికల 16 గాని ఎక్కువ గాని పడాలె అంటే మామూలుగ 25 శాతం, అడ్వాంటేజ్‌తోటి 44 దాక పోతది. తొమ్మిదో లెవెల్ల ఇండామిటబుల్ కూడా వస్తది, పోయిన సేవ్ మల్ల వేసుకోవచ్చు. ఈ రెండూ మర్చిపోయే పేచీ మొదలైతది.

కోయిలకొండ_కావలి
విడిపిచ్చుడు: ఫైటర్‌కు దెబ్బ తగిలిన ప్రతిసారి కొత్త సేవ్, 25 శాతం. నాలుగు దెబ్బలకు మొత్తం 68. చిన్న దెబ్బే చాలు, గొడ్డలి పెట్టు అక్కర్లే. కాకపోతే ఏసీ (దెబ్బ తగలాల్నంటే అందుకోవాల్సిన అంకె) 18 ఉన్నోనికి గుద్దు తగులుడే కష్టం. మ్యాజిక్ మిసైల్ స్పెల్ బాణాలు గురి తప్పవు. మూడు బాణాలకు ఒక్క సేవా మూడా అన్నది డీఎంతోటి ముందే తేల్చుకోండి.

అంతకన్న మాంత్రికుణ్ని కొట్టుడు మేలు. కాన్‌స్టిట్యూషన్ సేవ్ +1 ఉంటే, డీసీ 10కి ఒక్కో దెబ్బతోటి కాన్సన్ట్రేషన్ (స్పెల్‌ను నిలబెట్టే ధ్యాస) పోయే అవకాశం 40 శాతం. 30 డ్యామేజ్ పడితే డీసీ 15 అయితది. డిస్పెల్ మ్యాజిక్ (మంత్రాన్ని తీసేసే స్పెల్) మూడో లెవెల్ స్లాట్‌తోటి వేస్తే డీసీ 15 చెక్. సైలెన్స్ (చప్పుడు ఆపే స్పెల్) మీద ఆశ పెట్టుకోవద్దు. లింక్ మనసుది, నోటిది కాదు, హుకుంలు పోతనే ఉంటయి. అందాక ఎవరన్న ఫైటర్‌ను గ్రాపుల్ చేసి పట్టుకోండి, స్పీడ్ 0. క్లెరిక్ దూరం జరిగితే గొడ్డలి అందదు.

పిల్లలమర్రి_ఊడ
తెలుగుల ఆడేటోళ్లకు అసలు లొల్లి కమాండ్ అనే స్పెల్‌తోటి. 2014ల "ఒక్క మాట" అని ఉంటది. మన క్రియకు ఒక్క మాటల ఎంతన్న పడుతది. "పారిపో", "పడెయ్", "ఆగు" సరే. "గొడ్డలిచ్చెయ్" అని సంధి చేసి ఒక్క మాటంటే ఊకోవద్దు, విడదీస్తే రెండు. "దుంకు" అంటే చదును నేల మీద దుంకుతడు, బురుజు అంచు మీదుంటే స్పెల్ పని చేయదు, నేరుగ హాని చేసే హుకుం చెల్లదు. 2024 పుస్తకంల ఈ గొడవే లేదు, అయిదు హుకుంలే ఇచ్చిండ్రు.

సజెషన్ స్పెల్ వేరే. కావలోనితోటి "చెరువుగట్టు జాతరకు పొయ్యి రా, అందాక తలుపు నేను చూస్త" అంటే నమ్మేటట్టుంది, నడుస్తది. "తలుపు తీసి మీ దొరను పొడువు" అంటే నడవదు. 2024ల 25 మాటల హద్దు పెట్టిండ్రు, తెలుగోనికి 25 మాటలంటే సగం పురాణం.

సాగర్_కాలువ
అడ్వాంటేజ్ వేయించలే. ఇండామిటబుల్ ఎవరికీ యాదికి రాలే. మొదటి సేవ్ మల్ల వేయించమని అడుగుత. ఇంకొకటి: ఫైటర్ గొడ్డలి మాంత్రికుని మీదికే తిప్పొచ్చా?

పానగల్లు_పాచిక
తిప్పరాదు. డామినేట్ తగిలినోడు చార్మ్‌డ్ (మంత్రం వేసినోనికి వశమైనోడు) కూడా. చార్మ్ చేసినోణ్ని కొట్టలేడు, వాని మీద హాని చేసే స్పెల్ కూడా వేయలేడు.