ఇంటి ముందు వట్టివేరు దుబ్బులు పెడితే పాములొస్తాయా?

ఊరిల్లు:
అందరికీ నమస్తే. మా ఊరు నరసరావుపేట పక్కన, నల్లరేగడి నేల. అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు జాగా ఉంది. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండి, రోజూ నీళ్లు పోసే పని లేని మొక్క కావాలి. సన్నాకులతో చూడ్డానికి కూడా బాగుంటుందని వట్టివేరు అనుకున్నా. అమ్మ మాత్రం "గడ్డి దుబ్బుల్లో పాములు చేరతాయి, వద్దు" అని ఒకటే మాట. నిజంగా చేరతాయా? పెంచినవాళ్లు చెప్పండి.

ఇసకనేల_బాపట్ల:
మీరు అడిగినదానికి ఇంతకంటే మంచి మొక్క లేదు. నాటిన చోటే పిలకలు వేసుకుంటూ దుబ్బు కడుతుంది తప్ప గరికలా నేలమీద పాకదు. మన దక్షిణాది రకం గింజ కట్టడం కూడా అరుదు, కాబట్టి పక్కింటి పెరట్లో మొలిచిందని గొడవ రాదు. వేరు నిలువునా దిగుతుంది, నేల అనుకూలిస్తే 2, 3 మీటర్ల దాకా. అందుకే రోహిణి కార్తె ఎండలకి కూడా చావదు. వానలు పడ్డాక రెండు మూడు పిలకలు కలిపి, అడుగున్నర ఎడంలో నాటండి. మొదటి రెండు మూడు నెలలు తడి ఆరకుండా చూసుకుంటే ఆ తర్వాత మర్చిపోవచ్చు. ఎండ మాత్రం బాగా పడాలి. చెట్టు నీడలో పెడితే బక్కచిక్కిపోతుంది.

కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు తాతల కాలం నుంచి దీన్నే పొలం గట్లకి వేసుకుంటున్నారు. 1980ల్లో ప్రపంచ బ్యాంకు వాళ్లు వచ్చి నేల కోతకి వట్టివేరు నాటమని చెప్పకముందు నుంచే. ఇక పాముల సంగతంటారా, పాము గడ్డి కోసం రాదు, ఎలక కోసం వస్తుంది.

సత్యవతి_తణుకు:
బాబూ ఊరిల్లు, మీ అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. మా ఇంటి వెనక నిమ్మగడ్డి దుబ్బు ఉండేది. టీలోకి రెండు ఆకులు కోద్దామని చెయ్యి పెట్టబోతే మొదట్లో చుట్ట చుట్టుకుని రక్తపింజరి. ఒంటిమీద ఆ గోధుమరంగు మచ్చలు ఎండుటాకుల్లో కలిసిపోయి కనపడనే లేదు. కుక్కర్ విజిల్ వేసినట్టు బుస కొట్టింది కాబట్టి బతికిపోయాను. నిమ్మగడ్డి వాసనకి పాములు రావని చెప్పి అది నాటించిన మహానుభావుడు మా ఆయనే.

మిద్దెతోట_ఉప్పల్:
లెమన్‌గ్రాస్ పెట్టండి. చూడ్డానికీ బాగుంటుంది, టీకీ పనికొస్తుంది.

సత్యవతి_తణుకు:
నాయనా, పైన రాసింది చదివావా?

ఇసకనేల_బాపట్ల:
సత్యవతి గారూ, అది గడ్డి తప్పు కాదు. అడుగున ఎండుటాకు తియ్యకుండా వదిలేశారు. కట్టెల మోపు, పాత ఇటుకల కుప్ప, కొబ్బరి మట్టలు, ఏది పేర్చి వదిలేసినా అంతే. ఎలక గూడు పెడుతుంది, దాని వెనక పాము వస్తుంది. ఏడాదికి రెండుసార్లు దుబ్బుని మోకాలి ఎత్తుకి కోసేసి, అడుగు దులిపేస్తే నేల కనపడుతూ ఉంటుంది. ఇక వట్టివేరు వాసనకి పాములు పారిపోతాయని రాసేవాళ్లున్నారు, నేను అదీ నమ్మను.

సత్యవతి_తణుకు:
ఏడాదికి రెండుసార్లు కొయ్యాలా? అడుగు దులపాలా? ఇందాక "మర్చిపోవచ్చు" అన్నది మీరే. ఒక్కతే ఉండే మనిషి ఎవరిచేత దులిపిస్తుంది? ఆ ఆకు అంచు చేతులకి గీసుకుంటుందని కూడా రాయలేదు.

ఇసకనేల_బాపట్ల:
గడ్డి అన్నాక అంచు ఉంటుందండీ. రెండు గంటల పని, కూలి మనిషి చేసి పోతాడు.

పల్నాటి_మిరప:
పాముల సంగతి తర్వాత, ముందు అది వట్టివేరో కాదో చూసుకోండి. నాకు ఒక నర్సరీలో వట్టివేరని చెప్పి 40 పిలకలు అంటగట్టారు. ఆకులు సన్నగానే ఉన్నాయి, నేనూ మురిసిపోయా. దసరా ముందు తెల్లటి పూత వచ్చేసరికి తెలిసింది, అది రెల్లు. వేరు నేల లోపల పాకుతుంది, దూది ఎగిరి ఊరంతా పడుతుంది. పీకితే పీకిన చోట నాలుగు లేస్తాయి. ఇప్పటికీ మా ప్రహరీ అవతల ఉంది, ఆ పొలం వాళ్లు నాతో మాట్లాడరు. కొనేముందు వేరు తెంపి నలిపి వాసన చూడండి. వట్టివేరైతే ముక్కుకి తెలిసిపోతుంది.

చిన్నోడు_గుంటూరు:
వేళ్లు తవ్వి కూలర్‌లో వేసుకోవచ్చు కదా అన్నా? మిగిలినవి అమ్ముకోవచ్చు.

పల్నాటి_మిరప:
నల్లరేగట్లో వేసవిలో తవ్వి చూడు తమ్ముడూ, గునపం వంగుద్ది.

ఇసకనేల_బాపట్ల:
వేరు తవ్వితే దుబ్బు పోయినట్టే. అది పంట వ్యవహారం, ఏడాది, ఏడాదిన్నరకి తవ్వుతారు. దానికి మా ఇసక నేలలే మేలు, వేరు తెగకుండా వస్తుంది. ఈయన అడిగింది అందానికి. నల్లరేగట్లో పెరగడానికి ఇబ్బంది లేదు, పీకడానికే ఇబ్బంది.

సత్యవతి_తణుకు:
మా ఇసక నేలలు అంటున్నారు. మీరు ఈ పిలకలు అమ్ముతారా?

ఇసకనేల_బాపట్ల:
అమ్ముతాను. నా ప్రొఫైల్‌లో రాసే ఉంది. నేను అమ్మితే పాములు పెరుగుతాయా?

సత్యవతి_తణుకు:
అమ్ముకునేవాడు పాములుంటాయని చెప్తాడా?

ఇసకనేల_బాపట్ల:
మీ ఇంట్లో చెత్త తియ్యక వచ్చిన పాముకి రాష్ట్రంలో ఉన్న వట్టివేరంతా పీకించేలా ఉన్నారే.

సత్యవతి_తణుకు:
నా ఇంటి శుభ్రం గురించి మీరు మాట్లాడకండి.

ఊరిల్లు:
అయ్యా, అమ్మా, దయచేసి గొడవ పడొద్దు. ఉన్న మొక్కలు పీకించి నేల చదును చెయ్యడానికి మనిషిని కూడా మాట్లాడేశాను, ఆదివారం వస్తాడు. ఈ పాముల సంగతి ఒక్కటి తేలితే చాలు.

సత్యవతి_తణుకు:
ఉన్న మొక్కలా? ఏ మొక్కలు?

ఊరిల్లు:
ఒక మల్లె పాదు, రెండు వరసల కనకాంబరాలు, గోరింట, మూలకి చేమంతులు. వాటికే కదండీ రోజూ నీళ్లు మోస్తోంది.

సత్యవతి_తణుకు:
ఇదా సంగతి! జాగా ఉంది, జాగా ఉంది అంటే ఖాళీ జాగా అనుకున్నాను. పూలతోట పీకేసి గడ్డి పెడతానంటే ఏ ఆడది ఒప్పుకుంటుంది? మీ అమ్మగారికి పాముల భయం ఏమీ లేదు బాబూ. పల్లెటూళ్లో పుట్టి పెరిగిన మనిషి పాముకి జడిసి మొక్క వద్దంటుందా? కొడుక్కి మొహం మీద వద్దని చెప్పలేక పాము పేరు పెట్టింది.

ఊరిల్లు:
సత్యవతి గారూ, మీరు అక్కడ కూర్చుని ఏదైనా రాస్తారు. పోయిన వేసవిలో ఆవిడ బకెట్ మోస్తూ ఆ మల్లె పాదు దగ్గరే జారి పడింది. మణికట్టు విరిగింది. పాలవాడు వచ్చి చూసేదాకా లేచే దిక్కు లేదు. ఫోన్ రాగానే రాత్రికి రాత్రి బస్సెక్కి పరిగెత్తింది నేను. ఫోన్ మోగితే ఇప్పటికీ టెన్షనే. హైదరాబాద్ రమ్మంటే రాదు, మనిషిని పెడతానంటే వద్దంటుంది. కట్టు విప్పిన వారానికి మళ్లీ బకెట్ పట్టుకుంది. నేనేం చెయ్యాలి?

సత్యవతి_తణుకు:
మా అబ్బాయీ ఇలాగే అన్నాడు. నేను కాశీ వెళ్లొచ్చేసరికి పెరడంతా తీయించి బండలు పరిపించారు. "శుభ్రంగా ఉంది కదమ్మా, నీకు పని తప్పింది" అన్నాడు. నిజమే, తప్పింది. ఇప్పుడు పొద్దున అయిదింటికి మెలకువ వస్తే టీవీ పెట్టుకుంటున్నాను. మల్లెకి చలికాలంలో నీళ్లు కట్టేసి, కొమ్మ కత్తిరించి, ఆకు దూస్తే వేసవిలో మొగ్గ విరగ్గాస్తుంది. ఆ లెక్కంతా నా బుర్రలోనే ఉండిపోయింది, చెయ్యడానికి మొక్క లేదు.

ఇసకనేల_బాపట్ల:
అదేంటండీ, మరి ఇప్పటిదాకా పాములొస్తాయనే కదా నాతో పోట్లాడారు?

సత్యవతి_తణుకు:
పాములొస్తాయి. అది వేరే సంగతి.

ఇసకనేల_బాపట్ల:
సరే, మీతో నా వల్ల కాదు. ఊరిల్లు గారూ, నా మాట వినండి. మల్లె, కనకాంబరం కూడా ఏటేటా పీకి నాటే మొక్కలు కావు, ఏళ్ల తరబడి ఉండేవే. అమ్మగారిని పడేసింది మొక్క కాదు, బకెట్. ఎత్తు మీద ఒక డ్రమ్ము పెట్టి డ్రిప్ పైపు లాగించండి, కుళాయి తిప్పితే చాలు. జారే చోట ఇసక, కంకర పోయించండి. వట్టివేరు మీద మనసుంటే మురుగునీళ్లు పారే వైపు గోడ వారన ఒక్క వరస, అదీ ఆవిడ సరేనంటేనే. పిలకలు అమ్ముకునేవాణ్నే, ఆ పూలజాగాకి మాత్రం అమ్మను.

ఊరిల్లు:
డ్రిప్ పెడితే కుళాయి తిప్పి లోపలికి వెళ్లిపోతుందనుకుంటున్నారా? అక్కడే గొంతుక్కూర్చుని కలుపు తీస్తుంది. మీకు మా అమ్మ సంగతి తెలీదు. ఆదివారం మనిషిని మాత్రం రావద్దని చెప్పాను. నేనే వెళ్లి మాట్లాడతా. అలా అని మీరన్నదానికి ఒప్పుకున్నట్టు కాదు.

సత్యవతి_తణుకు:
కలుపు తియ్యనివ్వండి. ఒక ఎత్తుపీట చేయించి ఇవ్వండి, మోకాళ్లు పట్టెయ్యవు.

చిన్నోడు_గుంటూరు:
ఇసకనేల అన్నా, పిలక ఎంత? కొరియర్ చేస్తారా?

ఇసకనేల_బాపట్ల:
చేస్తాను. వానలు పడేదాకా ఆగు, ఈ ఎండల్లో పంపితే దారిలోనే వడలిపోతాయి.

పల్నాటి_మిరప:
వచ్చాక వేరు నలిపి చూడు తమ్ముడూ.