అప్‌డేట్: బెడ్‌రూమ్‌లో కార్పెట్ వద్దనుకుని ఎస్‌పీసీ వేయించాం

విశాఖ ఫ్లాట్‌లో పాత టైల్స్ మీద గోడ నుంచి గోడకి కార్పెట్ వేయాలా, ఎస్‌పీసీ పలకలు (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి, అంచులు ఒకదాంట్లో ఒకటి లాక్ అవుతాయి) వేయాలా అని ఇంతకుముందు అడిగాను. పలకలే వేయించాం. సముద్రపు తేమకి కార్పెట్ అడుగున బూజు పడితే పైకి కనపడదు, తడిగుడ్డ పెట్టే వీలూ ఉండదు.

పలకకే ఫోమ్ అంటించి వస్తే కింద ఇంకో ఫోమ్ పరచనివ్వకండి. అడుగు మెత్తనైతే నడిచినప్పుడల్లా జాయింట్ కిందికి వంగి, లాక్ అంచు విరుగుతుంది. నేల మీద 2 మీటర్ల తిన్నని పట్టీ పెట్టి చూసి, 3 మి.మీ. మించి పల్లమున్నచోట ముందే లెవెలింగ్ చేయించాలి. గోడల చుట్టూ 8–10 మి.మీ. సందు వదలండి, దాన్ని కప్పే స్కర్టింగ్ (గోడ అడుగు పట్టీ) గోడకే బిగించాలి. బాల్కనీ తలుపు దగ్గర ఎండకి పలకలు సాగుతాయి. సందు లేకపోతే ఉబ్బి లేస్తాయి.

మంచం పక్కన మెత్తదనానికి చిన్న రగ్గు చాలు. రబ్బరు అడుగున్నది మాత్రం వద్దు, పోని మరక పడుతుంది.