శుభ్రం చేసిన మూల వారానికే మళ్లీ చెత్తకుప్ప: మీ దగ్గర ఏ ఉపాయం నిలిచింది?

మల్లెపందిరి
మా వీధి చివర కరెంటు స్తంభం పక్కన ఏళ్ల తరబడి చెత్త పోగవుతున్న మూల ఒకటి ఉంది. పోయిన నెల ఒక ఆదివారం పదకొండుమందిమి కలిసి దాన్ని శుభ్రం చేశాం. పద్దెనిమిది సంచులు నిండాయి. అడుగున మట్టి కనబడినప్పుడు అందరి ముఖాలూ వెలిగిపోయాయి. మంగళవారం తెల్లవారేసరికి నల్లసంచి ఒకటి, మూతి గట్టిగా ముడివేసి, స్తంభానికి ఆనించి ఉంది. శనివారానికి పాత రూపమే వచ్చేసింది. ‘ఇక్కడ చెత్త వేయరాదు’ అని బోర్డు పెడితే దాని కిందే వేస్తున్నారు. మళ్లీ అందరినీ రమ్మని పిలవడానికి నాకు ముఖం చెల్లడం లేదు. ఇలాంటి చోటును నిలబెట్టుకున్నవారు ఉంటే దయచేసి చెప్పండి.

వేకువనడక
మంగళవారం కనబడిన ఆ ఒక్క సంచిని ఎంతసేపు అక్కడే ఉంచారండీ? మేము రెండుసార్లు ఓడిపోయింది అక్కడే. మూడోసారి వంతులు వేసుకున్నాం. ఉదయం ఆరింటికి ఒకరు, రాత్రి పదింటికి ఒకరు. ఏ సంచి కనబడినా వెంటనే తీసేయడమే పని. మూడు వారాలు ఓపిక పట్టాం. మొదటివారం దాదాపు రోజూ తీశాం, మూడోవారం రెండే సంచులు.

బోర్డు గురించి ఒక మాట. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో చేసి, 2008లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. సైకిళ్లు నిలిపే సందులో ప్రతి సైకిలుకూ ఒక కరపత్రం తగిలించారు, దగ్గర్లో చెత్తబుట్ట లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది కరపత్రాన్ని నేలమీద పడేశారు లేదా పక్క సైకిలుకు తగిలించారు. గోడనిండా గీతలు గీసి ఉన్నప్పుడు అలా చేసినవారు 69 శాతం. ‘గోడపై రాయరాదు’ అన్న బోర్డు రెండుసార్లూ అక్కడే ఉంది. ఎవరూ పట్టించుకోని బోర్డు ఉండడం కన్నా లేకపోవడమే నయమని నా నమ్మకం. మీరు దాన్ని తీసేసి, ఆ చోటు నిలబడ్డాక కావాలంటే పెట్టండి.

మూడో అంతస్తు
వేసేది ఎవరని ఆరా తీసేముందు, వేసినదేమిటో చూడండి. మేము చేతితొడుగులు వేసుకుని ఏడు సంచులు విప్పాం. కూరగాయల తొక్కలు, పిల్లల డైపర్లు, తుడిచిపోసిన దుమ్ము. అన్నీ జాగ్రత్తగా ముడివేసినవే. అప్పటిదాకా వాళ్లను బాధ్యత లేనివాళ్లని తిట్టుకున్నాను. ముడివేసి మోసుకొచ్చినవాళ్లకు అసలు బాధ్యత లేదని ఎలా అనగలం? విచారిస్తే తెలిసింది, చెత్తబండి తొమ్మిదింటికి వస్తుంది, ఆ ఇళ్లవాళ్లు ఏడింటికే పనులకు వెళ్లిపోతారు. కింది అంతస్తులో ఉండే పెద్దాయన తన గేటు లోపల మూత ఉన్న రెండు డబ్బాలు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. బండి రాగానే ఆయనే ఇస్తారు. సగానికి పైగా సంచులు ఆ వారమే ఆగిపోయాయి.

ఎస్టోనియాలో 2008 మే 3న సుమారు 50,000 మంది ఒక్కరోజులో దేశమంతా తిరిగి దాదాపు 10,000 టన్నుల చెత్త ఎత్తారు. దానికి ముందే కుప్పలు ఎక్కడెక్కడున్నాయో వెతికి, ఫొటోలు తీసి, పటంలో గుర్తించుకున్నారు. మనది ఒక వీధే అయినా ఆ ముందుపని తప్పదు.

నిక్కచ్చి
ఇంత ఓపిక ఎందుకండీ? కెమెరా పెట్టి జరిమానా వేయించండి.

మూడో అంతస్తు
అదీ చూశాం. కెమెరా ఉన్న మూల బాగుపడింది, వెనకవీధి పాడయింది. చెత్త వేయడానికి సరైన చోటు చూపించాక జరిమానా వేస్తే న్యాయంగా ఉంటుంది.

నీలిగాజు
మా అమ్మ పారిశుద్ధ్య కార్మికురాలు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పోయినేడు తడిచెత్తలో కలిపేసిన పగిలిన సీసా ఒకటి తొడుగును చీల్చుకుని బొటనవేలి మొదట్లో దిగింది. కుట్లు పడ్డాయి. రెండు వారాలు చీపురు పట్టలేకపోయింది. ఇప్పటికీ సంచి ఎత్తేముందు దాన్ని కాలితో మెల్లగా కదిలించి, చప్పుడు విని, ఆ తర్వాతే చెయ్యి పెడుతుంది. దయచేసి గాజుముక్కలను మందపాటి కాగితంలో చుట్టి, వాటిని విడిగా ఇవ్వండి, ఇచ్చేటప్పుడు నోటితో చెప్పండి. సూదులు, బ్లేళ్లయితే మూత బిగించిన గట్టి డబ్బాలో వేసి ఇవ్వండి. శుభ్రం చేయడానికి వచ్చే మీ స్నేహితులు కూడా సంచులను ఒంటికి ఆనించుకుని మోయవద్దు.

వాననీరు
పక్కన మురుగుకాలువ ఉంటే ముందు దాని సంగతి చూడండి. పలచటి ప్లాస్టిక్ సంచులు జాలీకి అడ్డంపడితే చిన్నవానకే నీళ్లు రోడ్డెక్కుతాయి. పారేసిన కప్పులు, టైర్లలో నిలిచిన నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వెచ్చటి రోజుల్లో అవి వారం పది రోజుల్లోనే దోమలవుతాయి కాబట్టి వారానికొకసారి ఒంపేయాలి. సిగరెట్ పీకలనూ వదలొద్దు, వాటి ఫిల్టరు దూది కాదు, సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. మేము బస్టాపు దగ్గర ఇసుక నింపిన డబ్బా పెట్టాక పీకలు బాగా తగ్గాయి.

పాతగడియారం
ఏరిన చెత్తను అక్కడే తగలబెట్టేస్తే మోత తప్పుతుంది కదా?

వాననీరు
వద్దండీ. ప్లాస్టిక్ పొగలో, ముఖ్యంగా పీవీసీ కాలితే, డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. ఆ పొగ పీల్చేది చుట్టుపక్కల పిల్లలే.

మల్లెపందిరి
ఐదు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. బోర్డు తీసేశాం. నలుగురమే వంతులు వేసుకున్నాం, తక్కినవారిని పిలవడానికి ఇంకా జంకుతున్నాను. తొమ్మిది సంచులు విప్పి చూస్తే, ఆరు మా వీధివే. ఒకదానిలో మా పక్కింటి పిల్లవాడి పేరున్న నోటుపుస్తకం దొరికింది. నిలదీయడానికి మనసొప్పలేదు. వాళ్లమ్మగారితో బండి వేళ గురించి మాత్రం మాట్లాడాను. “నేను లేచేసరికే వెళ్లిపోతోందమ్మా, రాత్రి పనికి వెళ్లి వస్తాను” అన్నారు. ఇప్పుడు వాళ్ల డబ్బా మా గేటు దగ్గరే ఉంటోంది. పోయిన వారం మొత్తం మీద మూడు సంచులే తీశాం. గాజుముక్కల మాట ఇంటింటికీ వెళ్లి చెప్పాను, నీలిగాజు గారూ.

ఆ మూడు సంచులూ రాత్రిపూట ఎవరో బండి మీద పోతూ విసిరేసినవి. సంచి పగిలి చెత్త చెల్లాచెదురవుతోంది. ఆ చోట వీధిదీపం లేదు. దీపం వేయించాక ఇలాంటివి తగ్గాయని ఎవరికైనా అనుభవం ఉందా?