లోక్ అదాలత్‌లో రాజీ పడాలా, తీర్పు దాకా ఆగాలా?

నోటు బాధితుడు:
తెలిసినాయనకి ప్రామిసరీ నోటు మీద 3 లక్షలు ఇచ్చాను, నూటికి రూపాయిన్నర వడ్డీకి. మూడేళ్లు నిండితే నోటుకు కాలదోషం పడుతుందని చివరి నెలలో దావా వేశాను. కోర్టులో మరో రెండేళ్లు గడిచాయి. వడ్డీతో కలిపి ఇప్పుడు 5 లక్షల 70 వేలు రావాలి. లోక్ అదాలత్‌కి రమ్మని నోటీసు వచ్చింది. ఆయన 4 లక్షలకి తేల్చుకుందాం అంటున్నాడు. లాయరు గారు ఒప్పుకోమంటున్నారు, మా ఆవిడ ససేమిరా అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

పాత కక్షిదారు:
కళ్లు మూసుకుని ఒప్పుకోండి. డిక్రీ (డబ్బు కట్టమనే కోర్టు తీర్పు కాగితం) చేతికొస్తే డబ్బు చేతికొచ్చినట్టు కాదండీ. ఆయన అప్పీలుకి వెళ్తాడు. అదీ గెలిస్తే మీరు ఈపీ (డిక్రీని అమలు చేయించమని కోర్టులో వేసే పిటిషన్) వేయాలి, ఆయన పేరున ఏ ఆస్తి ఉందో మీరే వెతుక్కోవాలి. మా నాన్నగారు దావా గెలిచారు. డబ్బు వచ్చేసరికి ఆయన లేరు. లోక్ అదాలత్‌లో తేలితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది.

ఒకసారి దెబ్బతిన్నాను:
కళ్లు మూసుకుని మాత్రం వద్దు, దయచేసి. నేను చేసిన తప్పు అదే. ఆ రోజు హాలు కిక్కిరిసి ఉంది. మా నంబరు పిలిచారు, అయిదు నిమిషాల్లో కాగితం ముందుకు జరిపి సంతకం చేయమన్నారు. వెనక ఇంకో కేసు వాళ్లు నిలబడి ఉన్నారు. చదవకుండానే పెట్టేశాను. ఇంటికొచ్చి చూస్తే, మిగతా సొమ్ము 'వాయిదాల్లో చెల్లించగలడు' అని ఉంది. ఎన్ని వాయిదాలో, ఏ తేదీకో ఒక్క అక్షరం లేదు. మొదటి వాయిదా తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పీలు చేద్దామంటే దారి లేదన్నారు. పేదవాణ్ణి కోర్టు నుంచి కాపాడటానికి పెట్టిన ఏర్పాటులో, తొందరపెట్టి సంతకం చేయించడం అన్యాయం కాదా?

చట్టం చదివినవాడు:
ఇద్దరు చెప్పిందీ నిజమే కానీ అసలు విషయం వదిలేశారు. లోక్ అదాలత్‌కి తీర్పు చెప్పే అధికారం లేదు. రాజీ కుదిరితేనే అవార్డు, అంటే ఆ రాజీ షరతులతో ఇచ్చే ఉత్తర్వు. కుదరకపోతే ఫైలు మీ కోర్టుకే తిరిగి వెళ్తుంది, దావా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి నడుస్తుంది. కాబట్టి 'ఈ షరతులకి ఒప్పుకోను' అంటే మీకు పోయేదేమీ లేదు. (కరెంటు, ఫోను, ఇన్సూరెన్స్ లాంటి సేవల గొడవలు చూసే పర్మనెంట్ లోక్ అదాలత్ వేరు. అక్కడ రాజీ కుదరకపోతే వాళ్లే తేల్చగలరు.)

సంతకం పెడితే మాత్రం 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, సెక్షన్ 21 ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మోసం జరిగిందనే లాంటి బహు కొద్ది కారణాలతో హైకోర్టులో రిట్ వేయడం ఒక్కటే దారి. ఆయన అప్పీలుకి వెళ్తాడన్న భయం లేకపోవడం మీకు లాభం, మీకూ అప్పీలు దారి లేకపోవడం నష్టం. రెండూ ఆ ఒక్క కాగితంలోనే ఉన్నాయి. డబ్బు ఎగ్గొడితే అవార్డు మీదా ఈపీ వేయాల్సిందే, అందుకే షరతులు గట్టిగా రాయించుకోవాలి.

నేనైతే 4 లక్షలకి ఒప్పుకుంటాను, కానీ అంకె కోసం కాకుండా తేదీల కోసం పట్టుబడతాను. సగం అదే రోజు డీడీ రూపంలో. మిగతాది ఫలానా తేదీకి. ఆ తేదీ తప్పితే పూర్తి 5 లక్షల 70 వేలకీ బాధ్యుడని ఒక వాక్యం. ఇది లేకుండా ఎంత పెద్ద మొత్తం రాసినా నమ్మను.

ఒకసారి దెబ్బతిన్నాను:
ఆ చివరి వాక్యం ఆ రోజు నాకు ఎవరైనా చెప్పి ఉంటే!

నోటు బాధితుడు:
మా ఆవిడకి చదివి వినిపించాను. డీడీ చూశాకే సంతకం అంటోంది. రేపు లాయరు గారి దగ్గర కూర్చుని షరతులు ముందే రాయించుకుంటాం. ఆయన కాదంటే ఫైలు వెనక్కి వెళ్లనివ్వండి, కోర్టు వాయిదాకి నేనే వెళ్తాను.