నెట్ లేని క్లాసులో ఫెట్ సిమ్యులేషన్లు నడపడం ఎలా? పుస్తకాన్ని తెలుగులో రాసి పంచవచ్చా?

ప్రశ్న (ఫిజిక్స్ లెక్చరర్, పుత్తూరు):
అందరికీ నమస్కారం. మా డిగ్రీ పిల్లల్లో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం కావడంతో మొదటి సెమిస్టర్‌లోనే తడబడుతున్నారు. పోయిన వారం ఫెట్‌లో (PhET, స్క్రీన్ మీదే సైన్స్ ప్రయోగాలు చేసి చూసే ఉచిత సైటు) సర్క్యూట్ చూపిద్దామని ప్రొజెక్టర్ పెడితే నెట్ ఆగిపోయింది. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది, పీరియడ్ అయిపోయింది. నెట్ లేకుండా నడిపే దారి ఉందా? ఓపెన్‌స్టాక్స్ వాళ్ళు నెట్‌లో ఉచితంగా ఇచ్చే పాఠ్యపుస్తకం కాలేజ్ ఫిజిక్స్‌లో కొన్ని పేజీలు తెలుగులో రాసి జిరాక్స్ తీసిస్తే తప్పవుతుందా?

జవాబు (తిరుపతి):
మేడం, మొదటిది సులువు. ఫెట్ సిమ్యులేషన్ పేజీలో డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. నొక్కితే మొత్తం బ్రౌజర్‌లో తెరిచే ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా దిగుతుంది. ఇంటి దగ్గర దించి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. కొన్నిటికి తెలుగు అనువాదం ఉంది, ముందు అనువాదాల జాబితా చూడండి.

రెండోది కాస్త జాగ్రత్తగా చూడాలి. ఉచితంగా దొరికిందంటే మనం మార్చి పంచవచ్చని కాదు. పుస్తకం మొదటి పేజీల్లో క్రియేటివ్ కామన్స్ (రచనను ఇతరులు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు) షరతు ఏదో చదవండి. ‘బీవై’ ఒక్కటే ఉంటే పేరు చెప్పి అనువదించుకోవచ్చు. ‘ఎస్ఏ’ ఉంటే మీ తెలుగు నోట్స్ కూడా అదే షరతుతో పంచాలి. ‘ఎన్‌సీ’ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ‘ఎన్‌డీ’ ఉంటే అనువాదం చేసి పంచకూడదు, ఎందుకంటే అనువాదం కూడా మార్పు కిందే లెక్క. నోట్స్ మొదటి పేజీలోనే మూల పుస్తకం పేరు, రచయితలు, లింకు, షరతు, తెలుగులోకి మార్చింది మీరని రాయండి. బొమ్మల కింద వేరేవాళ్ళ పేరుంటే వాటి షరతు విడిగా చూడాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు.

ఇంకో మాట. బీఎస్సీకైతే కాలేజ్ ఫిజిక్స్ కంటే ఓపెన్‌స్టాక్స్ వాళ్ళదే యూనివర్సిటీ ఫిజిక్స్ మేలు. మొదటిదాంట్లో కాలిక్యులస్ ఉండదు. రెండోది మూడు సంపుటాలు, మీకు కావలసిన విద్యుత్తు రెండో సంపుటంలో ఉంది.

జవాబు (చిత్తూరు):
సార్ చెప్పింది యూట్యూబ్‌కీ వర్తిస్తుంది. ఎన్‌పీటెల్ (ఐఐటీల ఉచిత వీడియో పాఠాలు) పాఠమైనా సరే, షరతు చూడకుండా కోసి వాట్సాప్‌లో పెట్టకండి, లింకు ఇవ్వండి. కోర్సు క్రెడిట్లు కావాలంటే స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైటు) చూడండి. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు అందులో చేయవచ్చు. మీ యూనివర్సిటీ ఎంత ఒప్పుకుంటుందో మాత్రం ముందే అడగండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ సార్. నిన్న పెన్‌డ్రైవ్‌తోనే నడిపాను. పిల్లల ఫోన్లకు బ్లూటూత్‌లో పంపితే కొందరికి తెల్ల స్క్రీన్ వచ్చింది. ఫైల్ వేరే వ్యూయర్‌లో తెరుచుకుంటోంది. క్రోమ్‌తో తెరిస్తే సరిపోయింది. వెనక బెంచీ అమ్మాయి సిరీస్‌లో ఒకటి తర్వాత ఒకటి బల్బులు కలుపుతూ వెళ్ళింది. మూడోదానికి వెలుతురు బాగా తగ్గేసరికి “మేడం, ఇంట్లో ఎన్ని లైట్లు వేసినా తగ్గవు కదా, ఎందుకు?” అంది. సమాంతర సంధానం (పారలల్) నేను మొదలుపెట్టకముందే ఆ ప్రశ్న వచ్చింది, ఎంత సంతోషమేసిందో!

రెండో సంపుటం దించుకున్నాను, అందులో ‘బీవై’ ఉంది. విద్యుత్ నిరోధం పాఠం తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఇక్కడే పెడతాను, పదాలు సరిచూసి పెట్టండి.